విషయం: మీ టెయిల్‌డ్రాగర్ (తోకచక్రం) విమానం బ్రేకులు మరీ గట్టిగా పట్టేయడం గురించి

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో 31 ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. నిలబడ్డ జనం ఒకరి మీద ఒకరు పడకుండా బండి ఆపడమే నా ఉద్యోగం. కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం మీ రెండు సీట్ల విమానాన్ని రెండు నెలల క్రితం డబ్బు పెట్టి కొన్నాను. మన ఊరి పిల్లలు చేశారన్న అభిమానం కూడా ఉంది.

గాల్లో దానికి వంక పెట్టలేను. గొడవంతా నేల మీదే. బేగంపేట రన్‌వే మీద దిగి, వేగం బాగా తగ్గాక బ్రేకు కోసం పెడల్ పైభాగాన్ని కాలివేళ్లతో అలా తాకానో లేదో, తోక లేచి ముక్కు నేలకు గుద్దుకుంది. పక్కనే ఉన్న మా మనవడు, "తాతా, నీ బస్సులో జనం ఎట్లా నిలబడేవాళ్లు?" అన్నాడు. తోకచక్రం విమానానికి బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుందనీ, గట్టిగా తొక్కితే బోర్లా పడుతుందనీ నాకూ తెలుసు. గట్టిగా తొక్కితే కదా!

ఇది చెబితే, పెడల్స్ క్యాలిబ్రేట్ చేసుకోమని (కొలత సరిచూసుకోమని) జవాబిచ్చారు. చేశాను. పావువంతు తొక్కితే సెట్టింగ్స్‌లో గీత పావువంతే కదులుతోంది. అవే పెడల్స్‌తో సిమ్యులేటర్‌లోని మరో చిన్న విమానం సెస్నా 172 మెత్తగా ఆగుతోంది. సెన్సిటివిటీ తగ్గించి చూస్తే మీ విమానం కాస్త దారికొచ్చింది గానీ, ఆ సెట్టింగ్ అన్నిటికీ వర్తించి సెస్నా ఆగనని మొండికేసింది.

చివరికి మా అబ్బాయి మీ విమానం ఫోల్డర్‌లో సిస్టమ్స్ సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ఫైలు తెరిచి, బ్రేక్స్ విభాగంలో 'టో బ్రేక్స్ స్కేల్' (బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె) అన్నచోట 1.0 తీసి 0.4 పెట్టాడు. అంతే, బండి నా మాట వింది. పోయిన వారం మీ అప్‌డేట్ వచ్చి దాన్ని మళ్లీ 1.0 చేసేసింది. అందులో కొత్త రంగులు మాత్రం మూడు ఇచ్చారు. రంగులు ఎవరడిగారండీ?

మీవాళ్లు దీన్ని కీబోర్డుతోనే పరీక్షించారని నా అనుమానం. బటన్‌కు సగం తొక్కడం అనేది ఉండదు మరి.

పెడల్స్ పెట్టి ఒకసారి నడిపి చూసి, ఆ అంకె మీరే సరిచేసి 15 రోజుల్లో అప్‌డేట్ ఇవ్వండి. 0.4 నా పెడల్స్‌కు కుదిరింది, మీకు ఎంత సరిపోతుందో చూసుకోండి. కుదరదంటే నా డబ్బు వాపసు చేయండి. బిల్లు కాపీ జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్