రీడింగులన్నీ కలిసినంత మాత్రాన

అమ్మలూ,

కందిపొడి అందిందా? కొరియర్ వాళ్లు అందిందనే చూపిస్తున్నారు, నువ్వు మాత్రం ఏమీ చెప్పలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "షిఫ్టులో ఉన్నా" అని మెసేజ్ వస్తోంది. రాత్రి షిఫ్టయితే పగలు కిటికీకి దుప్పటి కట్టుకునైనా పడుకో. నాన్న బాగానే ఉన్నారు, బీపీ మాత్రలు నేనే చేతికిస్తున్నాను. కింద వాటా ఖాళీ అయింది.

మొన్న పిన్ని వచ్చింది. ల్యాబులో నువ్వు చేసిన టెస్టు రిజల్టు మీ సీనియర్ రిజల్టుతో కలవలేదనీ, ఎర్రర్ నీదేనని రాసేశారనీ, నువ్వు మానేద్దామనుకుంటున్నావనీ స్వాతి చెప్పిందట. అది అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఉద్యోగం నీది, ఇష్టం నీది.

బంటీగాడికి ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. మాస్ అన్నా వెయిట్ అన్నా ఒకటేగా అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను: కిలో ఇనుప గుండు మాస్ ఎక్కడికి తీసుకెళ్లినా కిలోనే, దాన్ని భూమి లాగే బలం, అంటే వెయిట్, మాత్రం భూమధ్యరేఖ దగ్గర 9.78 న్యూటన్లు, ధ్రువాల దగ్గర 9.83. ఈ కాస్త తేడాకేనా అన్నాడు. అక్క ల్యాబులో తూకానికి వాడే బ్యాలెన్సు మిల్లీగ్రాములో పదో వంతు కూడా చూపిస్తుందిరా, అక్కడ ఇది చాలా పెద్ద తేడా, అందుకే ఊరు మార్చిన బ్యాలెన్సుకి మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాలి అన్నాను.

అన్నట్టు, మీ దగ్గర అది ఎప్పుడు చేశారు? క్యాలిబ్రేషన్ అంటే చాలామంది సరిచేయడం అనుకుంటారు. కాదు. తెలిసిన తూకం పెట్టి, పరికరం ఎంత తేడా చూపిస్తోందో రాసుకోవడం అది. సరిచేయడం అడ్జస్ట్‌మెంట్, దాని తర్వాత పని. ముందున్న తేడా రాసుకోకుండా సరిచేసేస్తే, నిన్నటిదాకా తీసిన రీడింగులను ఎంతవరకు నమ్మాలో తేల్చడం కష్టం. ఆ రికార్డు నువ్వు అడిగి చూశావా?

మీ సీనియర్ ఆరుసార్లు చేస్తే ఆరూ ఒకేలా వచ్చాయి కాబట్టి ఆవిడదే కరెక్టని తేల్చారట. అలా రావడం ప్రెసిషన్, అంతే. నిజమైన విలువకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది యాక్యురసీ. జీరో ఎర్రర్ ఉన్న, అంటే ఏమీ పెట్టకపోయినా సున్నా చూపించని స్క్రూగేజీతో తీగ మందం పదిసార్లు కొలిచినా పదీ కలుస్తాయి, పదీ తప్పే అవుతాయి. నా క్లాసులో కూర్చున్నదానివి, నీకు తెలియనిదేం కాదు.

హబుల్ టెలిస్కోపు సంగతి నీకు చిన్నప్పుడు డాబా మీద చెప్పాను, గుర్తుందో లేదో. 2.4 మీటర్ల అద్దం. ఎంత నునుపుగా సానపట్టారంటే అంత గొప్ప అద్దం అప్పటికి లేదన్నారు. 1990 ఏప్రిల్‌లో అంతరిక్షంలోకి పంపారు, తీరా చూస్తే బొమ్మలు మసక. అద్దం అంచు ఉండాల్సినదానికంటే సుమారు 2.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పల్లంగా ఉంది. సానపట్టేటప్పుడు అద్దం ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన చోటికి 1.3 మిల్లీమీటర్ల తేడాలో ఉండిపోయింది. దాన్ని నమ్మి, తప్పు ఆకారాన్నే అంత శ్రద్ధగా చెక్కారు. నాకు ఎప్పటికీ బాధగా అనిపించేది ఇంకొకటి. వేరే పరికరాలతో చూసినప్పుడు లోపం కనిపించింది. అవి అంత మంచివి కావని వాటి మాట పక్కన పెట్టేశారు. కానీ అమ్మలూ, ఆ లోపం అంతటా ఒకే తీరులో ఉంది, ఎంతో తేల్చి చెప్పగలిగారు. కాబట్టే 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, అద్దం జోలికి పోకుండా, ఆ లోపానికి సరిపడే దిద్దుబాటు పరికరాలు అమర్చి వచ్చారు.

నీదే రైటని అనడం లేదు. అది ఇక్కడ కూర్చుని చెప్పగలిగేది కాదు. అదే మనిషి అదే పరికరంతో మళ్లీ చేసి చూపిస్తే రిపీటబిలిటీ, అంటే మళ్లీ చేసినా అదే వస్తుందా అన్నది, తెలుస్తుంది, ఇంకేమీ తెలియదు. మూడో మనిషి వేరే బ్యాలెన్సు మీద, కొత్తగా చేసిన ద్రావణంతో చేయాలి. ఆ మాట మీ మేనేజరుతో నోటితో కాదు, రాసి అడుగు. నీ నోట్‌బుక్కులో ఏదీ కొట్టేయకు. ఎర్రర్ అని రాశారని ఏడవకు కూడా. ఎర్రర్ అంటే కొలిచినదానికీ అసలు విలువకూ మధ్య తేడా, ప్రతి కొలతలోనూ ఎంతో కొంత ఉంటుంది. నిర్లక్ష్యం అనేది వేరు, అది నీలో నేనెప్పుడూ చూడలేదు. ఎవరి రిజల్టు సరైనదో తేలాక మానేస్తానంటే మానెయ్యి, నాన్నకు నేను చెప్పుకుంటాను. తేలకముందు మాత్రం రాజీనామా రాయకు.

లెక్చరు ఎక్కువైందంటావు. సరే. కళ్లజోడు మార్పించుకోమన్నాను, మార్పించావా? హాస్టల్లో సాంబారు పడకపోతే పెరుగైనా బయట కొనుక్కో, డబ్బులకు చూసుకోకు. ఆదివారం మధ్యాహ్నం నాన్న పడుకున్నాక ఫోన్ చెయ్యి. ఆయనకు ఇవేవీ చెప్పలేదు.

అమ్మ