రేడియో చర్చలో ఎదుటి పక్షం కూడా ఉండాలి

సంపాదకులు గారికి,

టీవీ చర్చల్లో నలుగురూ ఒకేసారి అరుస్తుంటే చూసేవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రేడియోలో ముఖాలు కనపడవు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడక తప్పదు. ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంత వార్తలు చదివే అనుమతే లేదు. కాబట్టి రాజకీయాలు, చరిత్ర నిదానంగా మాట్లాడే బాధ్యత ఆకాశవాణిదే. 1997లో ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి ఏర్పడింది కూడా ప్రసారాలు సర్కారు శాఖలా కాకుండా స్వతంత్రంగా నడవాలనే.

1948లో నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 వస్తే, అది విమోచనమా, విలీనమా అని ఏటా గొడవే. (జెండా ఎవరు ఎగరేయాలన్న దగ్గరే చరిత్ర ఆగిపోతుంది!) పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జెండా పట్టుకున్న జనం మీద కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాంకు అండగా నిలిచిన సాయుధ దళం రజాకార్లు ఊరిమీద పడి ఊచకోత కోశారు. ఈ ఊళ్ల పెద్దలనూ, చరిత్ర అధ్యాపకులనూ, వేర్వేరు పార్టీల వాళ్లనూ ఒకే స్టూడియోలో కూర్చోబెట్టాలి. ఒక్క అతిథి, పొగిడే ప్రశ్నలు ఉంటే అది చర్చ కాదు, సన్మానం.

ఇక సమయం సంగతి. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు చేతులే ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే. బీడీ కార్మికుల పీఎఫ్, గల్ఫ్ వలసల మీద మధ్యాహ్నం పూట ఫోన్-ఇన్ పెడితే అడిగేవాళ్లు బోలెడుమంది. కాకపోతే ఇబ్బందిపెట్టే ప్రశ్న రాగానే లైన్ కట్ చేయకూడదు.

– ఒక శ్రోత, హనుమకొండ