స్క్రూ బిగిస్తే స్టీరింగ్ బాగుపడదు

సంపాదకులకు నమస్కారం.

యాభై ఏళ్లు దాటిన వింటేజ్ కార్లకిచ్చే ‘వీఏ’ సిరీస్ రిజిస్ట్రేషన్ నంబరు ఎలా తీసుకోవాలో మీ ఆదివారం సంచికలో రాశారు. 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు అన్నీ చెప్పారు. ఆ బండి రోడ్డెక్కాక చెప్పినట్టు వినడం గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

మా నాన్నగారి 1974 ప్రీమియర్ పద్మిని పదకొండేళ్లు షెడ్డులోనే ఉంది. నిరుడు బయటికి తీస్తే, స్టీరింగ్ బెత్తెడు తిప్పినా చక్రాలు కదల్లేదు. దగ్గర్లోని మెకానిక్ స్టీరింగ్ బాక్సు, అంటే మనం తిప్పింది చక్రాలకు అందించే గేర్ల పెట్టె, దాని మీది స్క్రూ బిగించి పంపాడు. తిన్నటి రోడ్డు మీద హాయిగా ఉంది. మా వీధి మలుపులో పూర్తిగా తిప్పేసరికి పట్టేసింది, వెనక్కి రాలేదు. ఎదురుగా సైకిలు మీద పిల్లవాడు. బ్రేకు తొక్కి ఆపాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సులోని వర్మ్, అంటే స్టీరింగ్‌తో పాటు తిరిగే మరలాంటి గేరు, నడిమధ్యే అరుగుతుంది. అక్కడి వదులు పోయేదాకా బిగిస్తే, అరగని అంచుల్లో పట్టేస్తుంది. ఇది నాకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చెప్పారు. ఆయన ముందు బాక్సు జోలికే పోలేదు. నన్ను బండి కిందికి పంపి, తాను సీట్లో కూర్చుని స్టీరింగ్ కొద్దికొద్దిగా ఆడించారు. “ఒక్కో జాయింటు మీద చెయ్యేసి చూడండి బాబూ” అన్నారు. బాక్సుకు అవతలి వైపు స్టీరింగ్ రాడ్లను మోసే ఐడ్లర్ ఆర్మ్ దగ్గర నా వేళ్ల కింద ఆర్మ్ పైకీ కిందికీ ఊగింది. అందులో అరుగుదల కోసం వేసే గొట్టంలాంటి బుష్ నల్లటి పొడిగా రాలి చేతికంటింది.

తరవాత ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపారు. టకటకమంది. నన్ను బ్రేకు తొక్కమన్నారు. తొక్కినా చప్పుడు పోలేదు. చప్పుడు పోతే బేరింగు, పోకపోతే చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నట. రెండు వైపులా కొత్త బుష్‌లు వేసి, పిన్ను సరిగ్గా పట్టేలా వాటి రంధ్రాలకు రీమర్ పట్టించాం. గ్రీజు ఎక్కించే నిపుల్స్‌లో అది రాయిలా గడ్డకట్టి ఉంటే పిన్నీసుతో తవ్వాల్సొచ్చింది. బాక్సు సీలు కారుతోందని ఎవరో లోపల గ్రీజు కుక్కారు, అదంతా కడిగి సీలు మార్చి గేర్ ఆయిల్ పోశాం. స్క్రూ సంగతి ఆఖర్న, అదీ చక్రాలు తిన్నగా పెట్టి. ఇప్పుడు మధ్యలో కొంచెం ప్లే (వదులు) ఉంది, ఉండనిచ్చాను. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే వెనక్కొస్తోంది.

పాత బండి తీసేవాళ్లు ముందు రంగుకీ క్రోమ్‌కీ డబ్బు పోస్తున్నారు. ఈసారి రాసేటప్పుడు దయచేసి ఈ జాకీ పరీక్ష కూడా వేయండి.

— ఒక పాఠకుడు, తెనాలి