డేటా చదివే పిల్లలను టండ్రాకు పంపండి: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో డేటా సైన్స్ పాఠాలు చెబుతాను. ఆర్కిటిక్‌తో నీకేం పని అని మీరు అడగవచ్చు. మా ప్రిన్సిపాల్‌గారూ అదే అడిగారు. అక్కడ ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేలలో, అంటే పర్మాఫ్రాస్ట్‌లో చిక్కుకున్న కార్బన్, గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అది బయటపడితే అలాస్కా గాలి వేరు, నెల్లూరు గాలి వేరు అనుకోవడానికి లేదు.

పోయిన ఏడాది మా విద్యార్థిని ఒకరు అలాస్కా ఉత్తర తీరపు టండ్రా (చెట్లు పెరగని చలి మైదానం) మీద ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన చిత్రాలు తీసుకుని, పాతవీ కొత్తవీ పోల్చి సరస్సులను గుర్తించే ప్రోగ్రామ్ రాసింది. పర్మాఫ్రాస్ట్ కరిగితే నేల కుంగి నీళ్లు నిలుస్తాయి. ఒక్కోసారి ఉన్న సరస్సే గట్టు తెగి ఖాళీ అవుతుంది. ప్రోగ్రామ్ బోలెడు కొత్త సరస్సులు చూపించింది. సంబరపడ్డాం. తీరా ఒక్కొక్కటే తెరిచి చూస్తే చాలావరకు మేఘాల నీడలు! చిత్రంలో రెండూ నల్లగానే ఉంటాయి మరి. “టండ్రా సరస్సు నేను ఒక్కటీ చూడలేదు కదా సార్” అంది. సూళ్లూరుపేట అమ్మాయి, పులికాట్ పక్కన పెరిగి సరస్సు చూడకపోవడం ఏమిటని నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు.

మేఘాలూ చీకటీ అడ్డురాని రాడార్ మనకు ఇప్పుడు ఉంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం 12 రోజులకొకసారి అదే నేల మీదికి తిరిగివచ్చి, సెంటీమీటర్లలో వచ్చే మార్పునూ పట్టుకోగలదు. డేటా అందరికీ ఉచితం. అయితే నేల కుంగిందని రాడార్ చెబుతుంది గాని ఎందుకు కుంగిందో చెప్పదు. పైపొర వేసవిలో కరిగి చలికి మళ్లీ బిగుసుకునే ఏటేటా తంతేనా, లోపలి మంచే పోయిందా? తేల్చాలంటే మనిషి వెళ్లాలి. పద్ధతి చాలా నాటుది: ఇనుప కడ్డీని నేలలో గుచ్చి, గట్టిగా తగిలిన లోతు కొలవడం.

ఇక్కడొక చిక్కు ఉంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మనకున్న హిమాద్రి పరిశోధన కేంద్రం దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నైసార్ చూపు 77.5 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మన కేంద్రం ఉన్నచోటు మన ఉపగ్రహానికి కనపడదు; కనపడే అలాస్కా, కెనడా, సైబీరియా టండ్రాల్లో మనకు కేంద్రం లేదు.

2022లో ప్రకటించిన ఆర్కిటిక్ విధానానికి ఆరు స్తంభాలని చెప్పారు, వాటిలో ఒకటి దేశీయ సామర్థ్యం పెంపు. దాని కింద, నైసార్‌కు కనపడకపోయినా ఆ నేలను కళ్లారా చూసి నేర్చుకోవడానికి, హిమాద్రికి వెళ్లే వేసవి బృందంలో ఒక్క చోటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల డేటా విద్యార్థులకు ఇవ్వండి. నాసా తరఫున నైసార్ డేటాను భద్రపరిచేది అలాస్కా విశ్వవిద్యాలయంలోని కేంద్రమే. ఉపగ్రహాన్ని నాసాతో కలిసి కట్టాం కాబట్టి, అక్కడి టండ్రాలో కడ్డీ పట్టే పనికి ఇద్దరు పిల్లలను పంపే ఏర్పాటు మాట్లాడటం మీకు కష్టం కాదు. దయచేసి మరో హ్యాకథాన్ పెట్టి సర్టిఫికెట్లు పంచవద్దు. అవి మా దగ్గర బీరువా నిండా ఉన్నాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. “సరస్సో నీడో తెలియదు” అని పేరు పెట్టి తను విడిగా దాచిన చిత్రాలు మా ల్యాబ్ కంప్యూటర్‌లో అలాగే ఉన్నాయి. అవకాశం వస్తే జీతం లేని సెలవు పెట్టి అయినా వెళ్తానంటోంది.

ఇట్లు,
ఒక డేటా సైన్స్ అధ్యాపకుడు