మంత్రిగారూ, విమానాల చక్రాల తనిఖీలో ఏమి దొరికిందో బయటపెట్టండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

దగదర్తిలో రావలసిన విమానాశ్రయం గురించి మీకు మా నెల్లూరు జిల్లా నుంచి చాలా ఉత్తరాలు వస్తుంటాయి. ఎప్పుడు కడతారు, భూములకు ఎంత ఇస్తారు, ఎవరి పేరు పెడతారు అనే ఈ మూడింటి చుట్టూనే అవి తిరుగుతాయని నా ఊహ. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి కావలి టీకొట్లలో కూడా అవే మాటలు. నేను అడగబోయేది వేరు. రేపు ఆ రన్‌వే మీద దిగే విమానాల చక్రాలను ఎవరు చూస్తారు? ఎన్నాళ్లకొకసారి చూస్తారు? చూసినవారికి ఏమి కనబడిందో టికెట్టు కొన్నవాళ్లకు ఎవరు చెబుతారు?

నేను విమానాల మనిషిని కాను, బస్సుల గ్యారేజిలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా బండి కిందే గడిచింది. కమాన్ కట్టలు, బ్రేక్ లైనర్లు, వీల్ నట్లు, అదే నా లోకం. తెల్లవారుజామున మొదటి సర్వీసు కదిలే ముందు చిన్న సుత్తి పట్టుకుని నట్లన్నీ తట్టుకుంటూ వెళ్లేవాళ్లం. బిగువుగా ఉన్న నట్టు ఖంగుమంటుంది. వదులైనది చచ్చిన గొంతుతో పలుకుతుంది. చెవికి అలవాటైతే టార్చి లైటు కూడా అక్కరలేదు. అంతా అయ్యాక చీటీ మీద సంతకం. ఆ సంతకం పెట్టే వేళకు పక్కన ఒక గొంతు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "కానివ్వవయ్యా, టైమైపోయింది." ఏ ఊరి గ్యారేజిలోనైనా ఆ గొంతు ఉంటుంది. విమానాల షెడ్డులో ఉండదంటే నేను నమ్మను.

నమ్మకపోవడానికి కారణం ఉంది. 1991 జూలై 11న సౌదీ అరేబియాలోని జెడ్డా నుంచి హజ్ యాత్రికులతో నైజీరియా బయల్దేరిన డీసీ-8 విమానం కథ మీ శాఖలో అందరికీ తెలిసే ఉంటుంది. కెనడాకు చెందిన ఒక సంస్థ విమానం అది. రెండు టైర్లలో గాలి తక్కువగా ఉందని మెకానిక్కులకు ముందే తెలుసు. నింపడానికి నైట్రోజన్ కావాలి, చేతిలో లేదు. తెప్పిద్దామంటే విమానం ఆలస్యమవుతుంది. ఆలస్యం ఒప్పుకోని పెద్దమనిషి ఒకరు పోనివ్వమన్నారు. రన్‌వే మీద పరుగెత్తేటప్పుడే గాలి తగ్గిన టైరు భారమంతా పక్క టైరు మీద పడింది. రెండూ వేడెక్కి పగిలాయి, మంట పుట్టింది. ఆ మంటతోనే చక్రాలు పొట్టలోకి ముడుచుకున్నాయి. వెనక్కి తిరిగి వచ్చి దిగబోయేలోపే 261 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు. ఇంజను ఆగలేదు, రెక్క విరగలేదు. టైరులో గాలి తక్కువైంది, ఆ సంగతి తెలిసిన మనిషి మాట చెల్లలేదు.

మా చెల్లెలి కొడుకు విమానాల నిర్వహణ పనిలో ఉన్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా నాకు అదే కాలక్షేపం, వాణ్ణి కూర్చోబెట్టి అడగడం. ల్యాండింగ్ గేర్ అంటే మనం అనుకునే నాలుగు చక్రాలు మాత్రమే కాదు. విమానం నేలను తాకినప్పటి దెబ్బను పట్టుకునే స్తంభంలో ఒకవైపు నూనె, ఒకవైపు నైట్రోజన్ ఉంటాయి. అద్దంలా మెరిసే క్రోమియం పూత కడ్డీ ఎంత మేర బయటికి కనబడుతోందో కొలిస్తే లోపల ఒత్తిడి సరిగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ పూత మీద చిన్న గీత పడినా సీలు కోసుకుపోయి నూనె కారుతుంది. మామూలు ప్రయాణికుల విమానం టైరులో ఒత్తిడి మన బస్సు టైరులో ఉండేదానికి రమారమి రెట్టింపు. బ్రేకు ఎంత అరిగిందో చెప్పడానికి ఒక చిన్న పిన్ను ఉంటుంది. అది లోపలికి పోయి సమంగా కనబడితే బ్రేకు మార్చాలి. ఆ పిన్ను సంగతి విని నాకు కాస్త అసూయ వేసింది. బస్సుల్లో లైనరు అరుగుదల చూడాలంటే మేము మోకాళ్ల మీద పాకేవాళ్లం.

మొత్తం గేరును విమానం నుంచి ఊడదీసి, ముక్కలు చేసి, పూతలు తీసి, కంటికి కనబడని పగుళ్ల కోసం వెతికి, మళ్లీ పూత వేసి బిగించే పెద్ద పని సాధారణంగా పదేళ్లకో, ఇరవై వేల ల్యాండింగులు అటూ ఇటూగా పూర్తయినప్పుడో వస్తుంది. ఈ లోపల జరిగేది ఎక్కువగా పైపై చూపే. ఆ చూపు ఎంత నాణ్యంగా ఉంటే మనం అంత భద్రం.

ఇక్కడ మా తీరం సంగతి చెప్పాలి. కావలి నుంచి తుమ్మలపెంట వైపు సముద్రం దాకా పోయే బండ్లనూ, ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతానికి పోయే బండ్లనూ పక్కపక్కన పెట్టి కింద నుంచి చూస్తే ఏది ఎటు తిరుగుతుందో చదువు రానివాడు కూడా చెప్పేస్తాడు. సముద్రపు గాలి బోల్టును పైనుంచి తినదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నట్టు విప్పితే లోపల మరలు పొడిపొడిగా రాలతాయి. విప్పితే తప్ప కనబడని జబ్బు అది.

సరిగ్గా అదే జబ్బు 2007లో ఉత్తర ఐరోపాలో బయటపడింది. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వారి డాష్-8 క్యూ400 (ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న రకం) విమానం ఒకటి సెప్టెంబరు 9న డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్‌లో దిగుతుండగా కుడి చక్రాల గేరు కూలింది. మూడు రోజులకే అదే సంస్థ విమానం, అదే రకం, లిథువేనియాలోని విల్నియస్‌లో అదే తీరుగా పడింది. చక్రాలను ముడిచి, చాపే పరికరంలో కడ్డీ చివరి మరలు తుప్పు తిని వదిలేశాయని తేలింది. వెంటనే ఆ విమానాలు తయారయ్యే కెనడా దేశపు అధికారులు పది వేల ల్యాండింగులు దాటిన క్యూ400లను తనిఖీ చేసేదాకా ఎగరవద్దని ఆదేశించారు. ఏ సంస్థ, ఏ రకం, ఏ ముక్క, ఎందుకు తెగింది అన్నది ప్రపంచమంతా చదివింది.

కథ అక్కడితో ఆగలేదు. అక్టోబరు 27న మూడో విమానం కోపెన్‌హాగెన్‌లో ఒక పక్క చక్రాలు దిగకుండానే దిగింది. ఈసారి తుప్పు కాదు. ఉండకూడని చోటికి చేరిన చిన్న రబ్బరు రింగు నూనె దారికి అడ్డం పడింది. తుప్పు కోసం వెతకమంటే తుప్పే వెతికారు. ఆదేశంలో రాసిన ముక్కను మాత్రమే చూసి, దాని పక్కన ఉన్నదాన్ని వదిలేసే తనిఖీ ఇలాగే ఉంటుంది. మూడు ఘటనల్లోనూ ప్రాణాలు పోకపోవడం అదృష్టం. మర్నాడే ఆ సంస్థ ఆ రకం విమానాలను పూర్తిగా పక్కన పెట్టేసింది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. అహ్మదాబాద్ ఘోరం తర్వాత 2025 జూన్‌లో విమానాల భద్రతను చూసే మీ శాఖ సంస్థ డీజీసీఏ పెద్ద విమానాశ్రయాల్లో రాత్రిపూట, తెల్లవారుజామున తనిఖీలు చేసి ఒక ప్రకటన ఇచ్చింది. శ్రద్ధగా చదివాను. అరిగిన టైర్లతో ఉన్న ఒక దేశీయ విమానాన్ని ఆపి, సరిచేశాకే వదిలారట. ఒకసారి నమోదైన లోపాలే మళ్లీ మళ్లీ తలెత్తుతున్నాయట, అంటే మరమ్మతు సరిగా జరగలేదని వారే రాశారు. విమానంలోని వ్యవస్థ చూపిన లోపాలు సాంకేతిక లాగ్ పుస్తకంలో ఎక్కలేదట. ఒక విమానం రెక్క చివర తుప్పు పట్టకుండా అంటించే టేపు దెబ్బతిని ఉందట. చాలా మంచి పని చేశారు, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ ప్రకటన మొత్తంలో ఒక్క విమాన సంస్థ పేరు లేదు. ఏ లోపం ఏ విమానాశ్రయంలో దొరికిందో కూడా లేదు.

హోటల్లో పాచిపోయిన కూర దొరికితే ఆహార తనిఖీ అధికారులు హోటలు పేరుతో సహా పత్రికలకు ఇస్తారు. ఫిట్‌నెస్ లేని స్కూలు బస్సు దొరికితే స్కూలు పేరు మర్నాడు జిల్లా పేజీలో ఉంటుంది. వందల మందిని ఎక్కించుకుని అరిగిన టైర్లతో ఎగరబోయిన విమానానికి మాత్రం ఇంత మర్యాద దేనికండీ?

ఆ తర్వాత మూడు నెలలు కూడా నిండలేదు. సెప్టెంబరు 12న గుజరాత్‌లోని కాండ్లా నుంచి ముంబయికి లేచిన విమానం చక్రం ఒకటి రన్‌వే మీదే ఊడి పడింది. పైలట్లు ముంబయిలో క్షేమంగా దించారు, వారికి దండం పెట్టాలి. అది కూడా క్యూ400 రకమే. 2007 నాటి కారణమే ఇక్కడా ఉందని నేను అనడం లేదు, ఊడిపోయిన తీరు వేరు. అయితే చక్రం ఊడేదాకా ఆ గేరును చివరిసారి ఎవరు చూశారు, ఏమి రాశారు అన్నది అందులో కూర్చున్నవారికి తెలిసే వీలే లేదు.

పేర్లు బయటపెడితే జనం బెదిరిపోతారని మీ అధికారులు అంటారేమో. నాకు అంతకంటే బలమైన వాదన ఒకటి తెలుసు, మా మేనల్లుడే చెప్పాడు. శిక్ష పడుతుందన్న భయం ఉంటే మెకానిక్కులు తమ కంటబడిన లోపాలను రాయడం మానేస్తారట. నిజమే. అందుకే నేను మనుషుల పేర్లు అడగడం లేదు. తప్పు చూసి రాసినవాడి పేరు ఎప్పటికీ రానక్కరలేదు. విమాన సంస్థ పేరు, విమానం రకం, గేరులో దొరికిన లోపం, దాన్ని సరిచేసిన తేదీ ఇస్తే చాలు. టైర్లు, బ్రేకులు, స్తంభాలు, ముడిచే పరికరాలు, వీటిలో డీజీసీఏ తనిఖీకి దొరికినవి నెలకొకసారి ప్రజల ముందు పెట్టే నిబంధన తెండి. 2024 నాటి భారతీయ వాయుయాన్ చట్టం వచ్చి అమల్లో ఉంది కాబట్టి దాని కింద నియమం చేయడం మీకు పెద్ద పని కాదు. ఇలా చేస్తే పై నుంచి "కానివ్వవయ్యా" అనే గొంతుకు జవాబు చెప్పే ధైర్యం కింద ఉన్న మెకానిక్కుకు వస్తుంది. "ఇది రేపు పేపర్లో పడుతుంది సార్" అనగలడు. నేను పనిచేసిన రోజుల్లో నా దగ్గర ఆ ఆయుధం లేదు.

తనిఖీ గడువుల విషయం కూడా చూడండి. దగదర్తికైనా, ఒంగోలుకు ఇస్తామంటున్న విమానాశ్రయానికైనా మొదట వచ్చేవి పెద్ద విమానాలు కావు. హైదరాబాదుకో, బెంగళూరుకో గంట, గంటంబావు ఎగిరే చిన్నవి. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఎక్కడం దిగడమే వాటి పని. దూరదేశం పోయే విమానం ఒక్కసారి దిగేలోపు ఇవి నాలుగైదు సార్లు నేలను గుద్దుకుంటాయి. రాత్రి నిలిచేది ఉప్పుగాలిలో. తయారీదారుల పుస్తకాల్లో సముద్ర తీర వాతావరణానికి వేరే జాగ్రత్తలు ఉంటాయి కాని, వాటిని ఎంత గట్టిగా పాటించాలన్నది సంస్థల ఇష్టానికి వదలవద్దు. తూర్పు తీరంలో రాత్రి నిలిచే విమానాలకు గేరు తుప్పు తనిఖీ గడువు తగ్గించి, తప్పనిసరి చేయండి. మరలు ఉన్నచోట విప్పి చూడమని రాయండి. "పైన చూశాం, బాగుంది" అనే వాక్యం చెల్లకూడదు.

ఇంకొక మాట. విమానాశ్రయం అంటే మా నాయకులకు టెర్మినల్ అద్దాలు, పూలకుండీలు, ఫోటోలు. నైట్రోజన్ సిలిండర్ల బండి, జాకీలు, విడి చక్రం, లైసెన్సు ఉన్న ఇంజనీరు లేకుండా దగదర్తి నుంచి ఒక్క షెడ్యూలు విమానమూ ఎగరకూడదని అనుమతి కాగితంలోనే రాయించండి. జెడ్డాలో ఆ రోజు కొరవడింది సిలిండరే.

వీటన్నిటికీ మనుషులు కావాలి. డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని పార్లమెంటు స్థాయీ సంఘమే 2025లో ఎత్తి చూపింది. సగం మందితో ఎన్ని చక్రాలు చూస్తారు?

మా ప్రాంతానికి విమానం కొత్త కాదు. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద జాతీయ రహదారి మీదే అత్యవసర సమయంలో విమానాలు దిగే ఏర్పాటు ఉంది. 2024 మార్చిలో వాయుసేన రవాణా విమానాలు అక్కడ చక్రాలు ఆనించి లేచాయి, జనం పొలాల గట్ల మీద నిలబడి చూశారు. కువైట్ పోయే ఆడవాళ్లు, రొయ్యల వ్యాపారులు, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఇన్నాళ్లూ చెన్నైకో, రేణిగుంటకో పోయి ఎక్కుతున్నారు. దగదర్తిలో రన్‌వే పడితే అందరికన్నా ముందు సంతోషించేది వీళ్లే. వద్దనడానికి నేను ఈ లేఖ రాయలేదు.

మీరు ఇంజనీరింగ్ చదివినవారు, తెలుగువారు. మీ కార్యాలయం నుంచి "తగు చర్యలు తీసుకుంటున్నాం" అని అచ్చు కాగితం పంపవద్దని మనవి. ఒక్క ప్రశ్నకు జవాబు ఇవ్వండి. 2025 జూన్‌లో అరిగిన టైర్లతో మీ వాళ్లు పట్టుకున్న ఆ విమానం ఏ సంస్థది? ఆ టైర్లు అంత అరిగేదాకా దాని మీద ఎన్ని తనిఖీ సంతకాలు పడ్డాయి?

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు మెకానిక్,
కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా