మా షాపు గోడ మీద ఇక ఉద్యోగాల పాంప్లెట్లు ఉండవు

నమస్తే. హనుమకొండలో మా జిరాక్స్, నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలే. రెజ్యూమెలు, దరఖాస్తులు, హాల్‌టికెట్లు... మా షాపు నడిచేదే మీ వల్ల. అందుకే చెబుతున్నా. కంపెనీ పేరు, అడ్రసు లేకుండా ఒట్టి ఫోన్ నంబరుతో ఉండే ఉద్యోగ ప్రకటనలు ఇక మా దగ్గర ప్రింట్ చేయం, గోడకు అంటించనివ్వం. ఆ గిరాకీ పోతే పోనీ.

మొన్న ఒక అమ్మాయి ఆఫర్ లెటర్ కలర్ ప్రింట్ కోసం వచ్చింది. ఫోన్‌లో బాగానే కనిపించింది. కాగితం మీదికి వచ్చేసరికి లోగో మసక మసకగా ఉంది. ఆమె పేరున్న చోట మాత్రం అక్షరాలు వేరే ఫాంటులో ఉన్నాయి. పెద్ద కంపెనీ పేరు, మెయిల్ మాత్రం జీమెయిల్. అడుగున చిన్న అక్షరాల్లో ‘రిఫండబుల్ డిపాజిట్ రూ.2,500, ఈరోజు సాయంత్రంలోగా’. ఇంటర్వ్యూ ఎక్కడైందమ్మా అంటే, వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నలు అడిగారంది. కంపెనీ అసలు వెబ్‌సైట్ తీసి, అందులోని నంబరుకు ఆమెతోనే ఫోన్ చేయించాం. అలాంటి లెటర్ మేం ఇవ్వలేదన్నారు. డబ్బులు దక్కాయి. కానీ ఉద్యోగం వచ్చిందని అప్పటికే ఇంట్లో చెప్పేసిందట. పాపం, కౌంటర్ దగ్గరే ఏడ్చేసింది.

రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, యూనిఫాం, ల్యాప్‌టాప్, ఏ పేరు చెప్పి డబ్బు అడిగినా కట్టొద్దు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరన్నా నమ్మొద్దు. రైల్వే భర్తీలు నోటిఫికేషన్ ద్వారానే జరుగుతాయి, పరీక్ష ఫీజు కట్టేది అధికారిక సైట్‌లోనే.

జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్ కాగితాలతో వచ్చే అన్నలకు ఒక మాట. ఏజెంటు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. సర్వీసు చార్జీ రూ.30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరమంటే కదలొద్దు. కంప్యూటర్ ఉద్యోగమని కంబోడియా, మయన్మార్ తీసుకుపోయి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన కేసుల్లో మన తెలంగాణ పిల్లలు కూడా ఉన్నారు.

ఇంటర్వ్యూ లాడ్జి గదిలోనో, ఎవరి ఇంట్లోనో అంటే వెళ్లకండి, ముఖ్యంగా ఆడపిల్లలు. ఆఫీసుకే వెళ్తున్నా లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు పెట్టండి. తేడాగా అనిపిస్తే మొహమాటం లేకుండా లేచి వచ్చేయండి. భయమేస్తే ఎమర్జెన్సీ నంబరు 112కు ఫోన్ చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వదిలి రాకండి. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే ఏ పని కోసం ఇస్తున్నారో, తేదీతో సహా దాని మీద అడ్డంగా రాయండి.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, పరువు పోతుందని దాచుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబరు చెరిపేయొద్దు.

డౌటున్న లెటర్ ఏదైనా సరే, డబ్బు కట్టకముందే మా దగ్గరికి తీసుకురండి. కలిసి చూద్దాం, దానికి చార్జీ తీసుకోం. సాయంత్రాలు రద్దీ ఎక్కువ, మధ్యాహ్నం వస్తే తీరిగ్గా మాట్లాడొచ్చు.