సారం ఒక్కటేనా?

సంపాదకుల గారికి,

ఉగాది నాడు మా దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో వస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. పెద్ద దర్గా ఉరుసులో హిందువులూ అట్లే కనబడతారు. కడపలో పుట్టినవాడిగా ఇది నాకు గర్వం.

అయితే దీన్ని చూపించి సభల్లో ‘అన్ని మతాల సారం ఒక్కటే’ అనేస్తుంటారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. ఇస్లాంలో దేవుడికి రూపం లేదు, సాటి లేదు. క్రైస్తవులకు ఆ దేవుడే మనిషిగా పుట్టాడు. జైనం సృష్టికర్తనే అంగీకరించదు. శాశ్వతమైన ఆత్మ లేదని బౌద్ధం అంటే, ఆత్మే బ్రహ్మమని అద్వైతం అంటుంది. ఇవేమీ చిన్న తేడాలు కావు. వీటికోసం జీవితాలు ధారపోసినవాళ్లున్నారు.

కలిసే చోటు ఒకటుంది. నీకు బాధ కలిగించేది ఎదుటివాడికి చేయొద్దని మహాభారతం చెప్తుంది. ఇతరులు మీకేం చేయాలని కోరుకుంటారో అదే వారికి చేయమన్నాడు ఏసు. తన కోసం కోరుకునేదే సోదరుడి కోసమూ కోరుకోవాలని హదీసు, అంటే ముహమ్మద్ ప్రవక్త మాట. అది నడవడికకు సంబంధించిన మాట, దేవుడెవరన్న ప్రశ్నకు జవాబు కాదు.

గుడికొచ్చే ఆ తల్లులు తమ నమాజు మానలేదు. తేడా ఉంచుకునే వస్తున్నారు. మన బడుల్లో పిల్లలకు ‘అన్నీ ఒకటే’ అని చెప్పి వదిలేయకుండా, పక్కింటివాళ్లు ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో వాళ్ల నోటనే వినిపించాలని ఉపాధ్యాయులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప